నంబరు మనదే, మెసేజ్ ఎవరిది?

డాలస్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు అబ్బాయి ఐఫోన్ పక్కన పెట్టి ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాడనుకోండి. సిమ్ అదే, నంబరూ అదే. కాల్స్ మామూలుగానే వస్తున్నాయి. కానీ ఐఫోన్ వాడే స్నేహితుడు "శనివారం మా ఇంట్లో వ్రతం, తప్పకుండా రా" అని పెట్టిన మెసేజ్ మాత్రం రాలేదు. పంపినవాడు వెళ్లిందనే అనుకున్నాడు. పిలిచినా రాలేదని అతనికి బాధ, అసలు పిలవనే లేదని ఇతనికి బాధ.

2011లో యాపిల్ తన ఫోన్ల మధ్య ఇంటర్నెట్ ద్వారా మెసేజ్‌లు పంపుకునే ఐమెసేజ్ తెచ్చాక చాలామందికి ఇలాగే జరిగింది. ఒక ఐఫోన్ నుంచి మెసేజ్ పంపగానే, అవతలి నంబరు ఐమెసేజ్‌లో నమోదై ఉందా అని ముందు యాపిల్ సర్వర్‌లో చూస్తుంది. ఉంటే మామూలు ఎస్ఎంఎస్‌గా కాకుండా ఇంటర్నెట్ దారిలో పంపుతుంది. మనం ఫోన్ మార్చినా ఆ నమోదు అలాగే ఉండిపోతే, మెసేజ్ మన చేతిలో లేని ఐఫోన్‌నే వెతుక్కుంటూ పోతుంది. ఇంట్లో పాత ఐప్యాడ్ ఏదైనా లాగిన్ అయి ఉంటే దానికి చేరుతుంది, పంపినవాడికి 'డెలివర్డ్' అని కూడా కనిపిస్తుంది.

2014 మే నెలలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దీనిపై కేసు పడింది. ఆ నవంబరులో యాపిల్ ఒక వెబ్ పేజీ తెచ్చింది. అందులో నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్ కొడితే ఐమెసేజ్ నుంచి ఆ నంబరు తొలగిపోతుంది. రెండు నిమిషాల పని. ఇంత చిన్న పనికి మూడేళ్లు ఎందుకు పట్టింది?

వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ యాపిల్ మీద వేసిన దావాలో 2021లో బయటికొచ్చిన యాపిల్ అంతర్గత ఈమెయిల్స్ చదివాక ఇది కేవలం సాంకేతిక లోపమని నేను నమ్మలేకపోతున్నాను. ఆండ్రాయిడ్‌కి ఐమెసేజ్ ఇస్తే, ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ కొనివ్వడానికి ఉన్న అడ్డంకి పోతుందని 2013లోనే యాపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడెరిఘీ రాశారు. అలా ఇవ్వడం వల్ల తమకు మేలు కన్నా నష్టమే ఎక్కువని 2016లో మరో ఉన్నతాధికారి ఫిల్ షిల్లర్ రాశారు. అడ్డంకి ఉంటేనే లాభమని తెలిసిన చోట దాన్ని తీసేయాలన్న తొందర ఎవరికి ఉంటుంది? అమ్మకు వీడియోలు సరిగా వెళ్లడం లేదని 2022లో ఒక వేదిక మీద ఒకాయన చెబితే, మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వండి అన్నారు అప్పటి యాపిల్ సీఈఓ టిమ్ కుక్. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

రెండు రకాల ఫోన్ల మధ్య మెసేజ్ పాత ఎస్ఎంఎస్ దారిలో వెళ్తే తెలుగువాళ్లకు ఇంకో నష్టం ఉంది. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే 70 మాత్రమే. పైగా మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ' అక్కడ ఆరు కింద లెక్క. 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్, ఎస్ఎంఎస్ స్థానంలో వచ్చిన కొత్త మెసేజ్ పద్ధతి ఆర్‌సీఎస్‌ని ఒప్పుకున్నాక ఈ ఇబ్బంది, మసకబారిన ఫొటోల గొడవ చాలావరకు తగ్గే దారి ఏర్పడింది. ఆర్‌సీఎస్ ఇస్తామని ప్రకటించింది 2023 నవంబరులో. యూరప్‌లో కొత్త చట్టాలు, అన్ని వైపుల నుంచి ఒత్తిడి పెరిగాకే ఆ కదలిక వచ్చింది.

మన ఊళ్లలో ఐమెసేజ్ ఎవరికి కావాలి, అందరం వాట్సాప్‌లోనే ఉన్నాం కదా అనొచ్చు. వాట్సాప్‌లో కొత్త మెసేజ్‌లకు టెన్షన్ లేదు, పాతవాటితోనే చిక్కు. ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది, ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటుంది, ఒకదాన్ని ఇంకొకటి చదవలేదు. 2009లో పుట్టిన వాట్సాప్, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి చాట్స్ మార్చుకునే అధికారిక మార్గాన్ని 2022లో గానీ తేలేదు. అప్పుడు కూడా ఐఫోన్ కొత్తదో, ఫ్యాక్టరీ రీసెట్ చేసినదో అయి ఉండాలన్న షరతు పెట్టారు. వారం వాడాక గుర్తొస్తే, అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ సంగతి షాపులో ఎంతమంది చెప్పి ఫోన్ అమ్ముతారు? పోయిన నాన్న గొంతు వాయిస్ మెసేజ్‌ల్లో మాత్రమే మిగిలి ఉన్న ఇళ్లున్నాయి. ఆ ఇంటివాళ్లకు 'చాట్ హిస్టరీ' అంటే ఆ గొంతే.

2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు మనకు ఉంది. దాన్ని ఏ టెలికాం కంపెనీ దయతలచి ఇవ్వలేదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టి ఇప్పించింది. నంబరుకు ఇచ్చిన రక్షణ ఆ నంబరుతో జరిగిన మాటలకూ ఇవ్వాలి. ఏ ఫోన్ నుంచి ఏ ఫోన్‌కైనా, ఎప్పుడైనా, రీసెట్ అక్కర్లేకుండా చాట్స్ తీసుకెళ్లే వీలుండాలని ప్రభుత్వం గట్టిగా అడగాలి.

అప్పటిదాకా పాత ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసే ముందు ఒక్క సాయంత్రం ఆగండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ రెండూ ఆపండి. వాట్సాప్ కొత్త ఫోన్‌లోకి వచ్చాక ఒక పాత చాట్ తెరిచి, అందులో ఒక వాయిస్ మెసేజ్ వినపడుతుందో లేదో చూసుకున్నాకే పాతదాన్ని ఇవ్వండి.