గోడ నిండా సహానుభూతి

నవకల్పన నిరంతరం సాగాలంటే ఏదీ పూర్తి కాకూడదు. ఈ చిన్న సంగతి తెలియకే పాతకాలపు కంపెనీలు వస్తువులు తయారుచేసుకుంటూ కూర్చున్నాయి. వాడే మనిషి అవసరాలనుంచే వస్తువును రూపొందించాలనే మానవ కేంద్రిత డిజైన్ చేసే సంస్థలకు ఆ బాధ లేదు. వాటికి కావలసింది ఒక గోడ, దాని నిండా జిగురు చీటీలు.

చీటీని తక్కువ అంచనా వేయకండి. మూడంగుళాల చదరం, దానిమీద ఒకే ఆలోచన, రాసేది లావు మార్కర్‌తో. కింది అంచు పట్టి పైకి లాగితే చీటీ చుట్టుకుపోయి సాయంత్రానికి నేలపాలవుతుంది; పక్క నుంచి లాగాలి. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చేయబోతే ఈ మెతక జిగురు తయారైంది. దాన్నేం చేసుకోవాలో తేలి, చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980 అయింది. పట్టుకున్నట్టే ఉంటుంది, లాగితే వచ్చేస్తుంది. వాడేవాళ్లతో సంస్థలు పెట్టుకునే బంధమూ సరిగ్గా ఇంతే, అంటీ ముట్టనట్టు.

తర్వాత మేధోమథనం, అంటే అందరూ కలిసి కూర్చుని ఆలోచనలు కురిపించడం. 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూశారు: నలుగురు విడివిడిగా కూర్చుని ఇచ్చిన ఆలోచనలను కలిపితే, కలిసి కూర్చున్న నలుగురికి తట్టినవాటికంటే ఎక్కువే వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాల్సి రావడమే పెద్ద కారణమని 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు తేల్చారు. కాబట్టి ముందు పది నిమిషాలు ఎవరికి వారు రాసుకోవడం మేలు. కానీ మౌనం ఫొటోలో ఏం బాగుంటుంది?

ఇక మనిషి. కేంద్రంలో ఉండవలసినవాడు కదా, అందుకని ఊహించుకుంటారు. పేరు, వయసు, ఒక నవ్వుముఖం అతికించి పర్సోనా అంటారు. అసలు మనుషులతో పెద్ద చిక్కు. ‘బాగుందా?’ అంటే మొహమాటానికి బాగుందంటారు. వస్తువు చేతికిచ్చి, పని చెప్పి, నోరు మూసుకుంటే వేలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే డిజైనర్ ఉండబట్టలేక ‘ఆ మూల నొక్కండి’ అంటాడు. పరీక్ష అక్కడితో సరి. పదిహేనుమందితో పరీక్షించే డబ్బుంటే ఒకేసారి పిలవకుండా, ఐదుగురు చొప్పున మూడు విడతలుగా, మధ్యమధ్య దిద్దుకుంటూ చూడమని వాడుక పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు. దిద్దిన ప్రతిసారీ తప్పు ఒప్పుకోవాలి మరి, ప్రతిష్ఠ ఏమైపోవాలి?

నమూనా తళతళలాడాలి. 1980లో ఆపిల్ మౌస్ కోసం హోవీ-కెల్లీ డిజైన్ వాళ్లు డియోడరెంట్ సీసాలోని బంతితో, ప్లాస్టిక్ వెన్నగిన్నెతో తొలి నమూనా అతుకులేశారు. అలాంటిదాన్ని చూస్తే ఎవరైనా ధైర్యంగా తప్పులు పడతారు. మెరిసే తెర చూపిస్తే రంగు గురించి తప్ప నోరెత్తరు. మీటింగ్ తొందరగా ముగుస్తుంది.

విడుదలయ్యాక కూడా చాలాకాలం వాడకాన్ని గమనించమని మానవ కేంద్రిత డిజైన్‌కున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-210 అంటుంది. ఆపాటికి సంస్థ లావుపాటి నివేదిక అప్పజెప్పి, చీటీలు చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయి ఉంటుంది. వాడేవాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో కస్టమర్ కేర్‌కు వచ్చే ఫిర్యాదుల్లోనే ఉంది. చదివితే దిద్దాలి. చదవకపోతే ఏడాది తిరిగేసరికి ఇంకో వర్క్‌షాప్. గోడ అదే, చీటీలు కొత్తవి.