జనవరిలో మేల్కొనే బడి

జనవరి వస్తే చాలు, బెంగళూరు ప్రభుత్వ హైస్కూళ్లలో హడావుడి మొదలవుతుంది. పొద్దున స్పెషల్ క్లాసులు, సాయంత్రం గ్రూప్ స్టడీ. వెనుకబడిన పిల్లలను టీచర్లు తలా కొందరిని 'దత్తత' తీసుకుంటారు. తెల్లవారుజామున ఫోన్ చేసి నిద్ర లేపుతారు. పిల్లల చేతికి 'పాసింగ్ ప్యాకేజీ' అందుతుంది. ఏ పటం గీస్తే ఎన్ని మార్కులు, ఏ పాఠం వదిలేసినా నష్టం లేదు, అన్నీ అందులో ఉంటాయి. ఆ టీచర్ల కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ మూడేళ్ల హైస్కూలు చదువుకు మూడు నెలల పరుగే దిక్కు కావడం ఏమిటి?

2024లో పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ (కెమెరాలతో ప్రత్యక్ష నిఘా) పెట్టేసరికి కర్ణాటక పదో తరగతి పరీక్ష ఎస్సెస్సెల్సీ బండారం బయటపడింది. అంతకు ముందు ఏడు 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడిపోయింది. అదీ గ్రేస్ మార్కులకు అర్హతను 35 శాతం నుంచి 25కి దించి, ఆ గ్రేస్‌ను రెట్టింపు చేశాక! మరుసటి ఏడు ఆ గ్రేస్ ఎత్తేస్తే 70 కూడా దాటలేదు. తర్వాత పాస్ మార్కునే 35 నుంచి 33 శాతానికి దించారు. కెమెరాలు, గ్రేస్, ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు... మార్పులన్నీ పదో తరగతి గుమ్మం దగ్గరే జరుగుతున్నాయి. ఎనిమిదో తరగతిలోకి తొంగి చూసినవారు లేరు.

అక్కడేముందో మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు అపార్ట్‌మెంట్లు లేచే చోట రేకుల షెడ్లలో ఉండేవాళ్లలో కదిరి, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎందరో. మేస్త్రీ కొడుకు దసరా దాటాక బడిలో చేరతాడు. హాజరు పట్టీలో అతని పేరు అందరికన్నా కింద, వేరే ఇంకుతో ఎక్కుతుంది. ఏడాది మొదట్లో పాత పాఠాలు సరిచేసే 'సేతుబంధ' అప్పటికే అయిపోయి ఉంటుంది. కన్నడం గడగడా మాట్లాడతాడు. సోషల్ పుస్తకం చేతిలో పెడితే మాత్రం వేలు మొదటి లైను మీదే ఆగిపోతుంది. తెలుగు చదవడం వచ్చినవాడైతే సగం పని అయిపోయినట్టే. రెండు లిపులదీ ఒకే వేరు, తలకట్టు తేడా పట్టుకుంటే చాలా అక్షరాలు దారికొస్తాయి. కొన్ని వారాలు పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషెవరు, ఏ పీరియడ్‌లో కూర్చుంటారు? బడి ప్రణాళికలో ముందు రాయాల్సింది ఇది.

కాగితాలకైతే లోటు లేదు. బడికో అభివృద్ధి ప్రణాళిక ఉండాలని విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ఎనిమిదో తరగతితోనే ఆగినా, 2018 నుంచి కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద హైస్కూళ్లూ ఏటా ప్రణాళికలు పంపుతూనే ఉన్నాయి. గదులు, మరుగుదొడ్లు, కాంపౌండ్ గోడ, కంప్యూటర్లు అని అంకెలు నింపుతారు. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. ఎనిమిదిలో చేరినవాళ్లలో భాగహారం రానివాళ్లు ఎందరో రాసే గడి కూడా ఒకటి ఉండొద్దా?

ఫలితం తగ్గితే నోటీసు హెడ్మాస్టరుకు వెళుతుంది. లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉండి, గెస్ట్ టీచరు వచ్చేసరికి సగం టర్ము గడిచిపోతే దానికి నోటీసు ఎవరికి ఇవ్వాలి? గెస్ట్ టీచర్ల నియామకం బడి తెరిచేలోపే పూర్తి కావాలి. బడి పనితీరును లెక్కగట్టేటప్పుడు పదో తరగతి శాతం ఒక్కటే కాకుండా, ఎనిమిదిలో చేరిన పిల్లవాడు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో కూడా చూడాలి.

ఇక తల్లిదండ్రులుండే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) సమావేశం. పని రోజు పదకొండు గంటలకు పెడితే తండ్రి ఆ పూట కూలి వదులుకోవాలి. వచ్చినా, తాను చదవలేని మినిట్స్ పుస్తకంలో వేలిముద్ర వేసి వెళ్తాడు. ఒక్కసారి ఆదివారం సాయంత్రం పెట్టి, రాసింది పైకి చదివి వినిపిస్తే పోయేదేముంది? ఉగాదికి కవి సమ్మేళనాలు పెట్టే మన తెలుగు సంఘాలు కూడా ఆ షెడ్ల దగ్గరి బడులకు ఒకసారి వెళ్లి రావాలి. రెండు భాషలూ చదవగలిగిన రిటైర్డ్ ఉద్యోగులకు ఆ సంఘాల్లో కొదవ లేదు.