కోసిన కాయను మళ్ల చెట్టుకు అంటిస్తమా?

మద్దతు ధర మీద టీవీలల్ల పొద్దంత లొల్లి. ఉండాలె, కాదంటలేను. కానీ ఆ రేటు రైతు చేతికొచ్చేలోపు ఏమైతదో ఎవ్వరు మాట్లాడరు. నల్లగొండ దిక్కు మునిగేది ఆడనే.

బత్తాయి సంగతే చూడుండ్రి. వ్యాపారి తోటకొస్తడు, నాలుగు సాళ్లు తిరుగుతడు, టన్నుకు ఇంతని బేరం తెంపి బయానా, అంటె అడ్వాన్సు, చేతిల పెట్టిపోతడు. కాగితం ఉండదు, అంత నోటిమాటనే. ఢిల్లీల రేటు లేస్తె తెల్లారకముందే కూలోళ్లను దింపుతడు. పడితె ఫోన్ ఎత్తడు. ఇంకో రకమోడు వస్తడు గని సగం తోట కోయించి, కాయ కుప్పబోసినంక "మచ్చ ఉన్నది, సైజు లేదు, టన్నుకు రెండు వేలు తగ్గించు" అంటడు. అప్పుడు ఏం జేస్తడు రైతు? ఎండల కాయ వాడుతుంటది, లారీ నిలబడి ఉంటది. తలకాయ ఊపుతడు. మీదికెల్లి సూట్ ఒకటి, తూకంల ఊరికె తీసేసుకునే కాయ. ఎందుకంటె "ఆనవాయితీ" అంటరు. ఈ ఆనవాయితీ ఎన్నడన్న రైతు దిక్కు మొగ్గంగ చూసిన్రా?

వడ్లకొస్తె తరుగు. 2025-26ల ఏ గ్రేడు క్వింటాలుకు 2,389 రూపాయలు. తేమ 17 శాతం దాటొద్దంటె రోడ్డు మీద ఆరబోస్తం, తాలు పోయెదాక తూర్పారబడుతం. అంత అయినంక కూడ 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కోస్తె వందకు ఐదు పోయినట్టు. 60 బస్తాల మీద 120 కిలోలు, అంటె 2,800 పైచిలుకు. సన్నాలను పచ్చిగనే మిర్యాలగూడ మిల్లులకు తోలేటోళ్లది ఇంకో గోస. ట్రాక్టరు లైన్ల ఉన్నకొద్ది వడ్లు వేడెక్కుతయి, ఆ సంగతి రైతుకెంత ఎరుకనో మిల్లోళ్లకూ అంతే ఎరుక.

"కంప్లైంట్ ఇయ్యొచ్చు గదా" అని హైదరాబాద్‌ల ఉండే దోస్తులు అంటరు. తూనికలు కొలతల చట్టం 2009ది ఉన్నది, మార్కెట్ కమిటీ ఉన్నది. మా బాబాయికి అదే చెప్తె, "మందుబస్తాలకు పైసలు ఎవడిస్తడు బిడ్డా, నువ్విస్తవా?" అన్నడు. అప్పిచ్చేది ఆ వ్యాపారే, సరుకు కొనేది ఆయనే, కాంటా కూడ ఆయనదే. ఎవరి మీద ఇయ్యాలె కంప్లైంటు?

ఈ భయం మనకొక్కరికే లేదు. యూరప్‌ల 2019ల ఒక ఆదేశం తెచ్చిన్రు. పాడైపోయే సరుకుకు 30 రోజులల్ల పైసలు కట్టాలె, ఆఖరి గడియల ఆర్డరు రద్దు చేయొద్దు, ఒప్పందాన్ని ఒక్కడే తన ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు. నాకు నచ్చింది ఇంకొకటి, ఫిర్యాదు చేసినోడు అడిగితె ఆయన పేరు దాచాలె. బ్రిటన్‌ల 2013 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్ల మీద నిఘాకు ఒక అధికారే ఉన్నడు. ఆడి సూపర్‌మార్కెట్ వేరు, మన ఆడ్తి, అంటె కమిషన్ దుకాణం, వేరు, ఒప్పుకుంట. అమ్మేటోడి భయం మాత్రం ఒక్కటే తీరు.

మన దేశంల లేదా అంటె ఉన్నది, రైతుకే లేదు. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకు 45 రోజులల్ల బాకీ కట్టాలె, దాటితె బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, చక్రవడ్డీ. నట్లు బోల్టులు చేసేటోడికి ఉన్న హక్కు బత్తాయి పండించేటోడికి ఎందుకుండదు? 2020 సాగు చట్టాలల్ల ఒకదాంట్ల మూడు పనిదినాలల్ల పైసలియ్యాలని రాసి ఉండె. ఆ చట్టాల మీద కొట్లాట న్యాయమైందే, 2021ల అవి పోయినయి, నాకేం రంది లేదు. ఆ ఒక్క ముక్కను మాత్రం రాష్ట్రం పట్టుకోవాల్సి ఉండె. మార్కెట్లు రాష్ట్రం చేతులున్నయే గదా, ఢిల్లీ దిక్కు చూసుడెందుకు?

బయానా ఇచ్చిన రోజే రేటు, కోత తారీఖు కాగితం మీద రాసి ఒక కాపీ రైతుకియ్యాలె. కోసినంక రేటు తగ్గించుడు, సూట్, తరుగు నేరమని రాయాలె. తనిఖీకొచ్చినోళ్లు ఒక్క రైతు పేరు పట్టుకొని రాకుండ, ఆ సీజన్ తక్‌పట్టీలు, అంటె తూకం, రేటు రాసే చీటీలన్ని ముందటేసుకొని లెక్క చూడాలె. గప్పుడు చెప్పిందెవరో ఎవనికి తెల్వది.

మా బాబాయిది ఏ ఊరని మాత్రం అడుగకుండ్రి. కత్తెర కాపు బత్తాయి ఇంక చెట్టు మీదనే ఉన్నది, కొనేది మళ్ల ఆ వ్యాపారే.