వస్త్ర నిత్యత్వ నియమం

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చగలం అని మనందరం బడిలో బట్టీ పట్టాం. ఈ సంగతి తేల్చడానికి యూరప్ శాస్త్రవేత్తలకు పంతొమ్మిదో శతాబ్దం దాకా పట్టింది. పాపం, వాళ్లలో ఒక్కరైనా ఏ తెనాలికో, ఏ జనగామకో వచ్చి ఎవరింట్లోనైనా ట్రంకుపెట్టె మూత ఎత్తి చూసుంటే పని త్వరగా అయ్యేది. తెలుగు ఇంట్లో బట్టను నాశనం చేయలేం. ఒక అర నుంచి ఇంకో అరకు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చగలం. సృష్టించడం మాత్రం కుదురుతుంది, అందుకు ఆషాఢం సేల్ ఉంది. శాస్త్రమన్నాక ఆ మాత్రం లొసుగు ఉంటుంది.

ఇంత తిరుగులేని నియమం ఉండగా, బీరువాలు ఖాళీ చేయాలంటూ ఒక ఉద్యమం మన మీద వచ్చి పడింది. జపాన్‌కు చెందిన మారీ కొండో అనే ఆవిడ దీనికి ప్రపంచమంతా ప్రచారం తెచ్చారు. ఆవిడ పద్ధతిలో బట్టలన్నీ తీసి ఒకచోట కుప్ప పోయాలి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, మనసులో ఆనందం చిగురించిందో లేదో చూసుకోవాలి. చిగురిస్తే ఉంచుకోవాలి. లేకపోతే ఇన్నాళ్ల సేవకు ఆ బట్టకు కృతజ్ఞతలు చెప్పి సాగనంపాలి.

కుప్ప పోయడం వరకు మనకు అభ్యంతరం లేదు, ఆ విద్య మన పిల్లలకు పుట్టుకతోనే వచ్చు. చిక్కంతా ఆ ప్రశ్నతోనే. మన బీరువాలో ఉన్నవాటిలో మన ఆనందం కోసం వచ్చినవి ఎన్ని? పెద్దమ్మ కూతురి పెళ్లిలో పెట్టినవి, చిన్నాన్న గృహప్రవేశంలో పెట్టినవి, తోడల్లుడి షష్టిపూర్తిలో పెట్టినవి. ప్లాస్టిక్ కిటికీ ఉన్న ఆ అట్టపెట్టెలో ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ చూసి ఏ మగాడికీ ఏదీ చిగురించదు. కుట్టుకూలి గుడ్డ ఖరీదును దాటిపోయిన నాటి నుంచి అవి పెట్టె దిగి బయటికి రావడం లేదు. అయినా ఉండాలి. వాళ్లు మనకు ఏపాటిది పెట్టారో గుర్తుంటేనే కదా, రేపు వాళ్లబ్బాయి ఒడుగుకు మనం ఏపాటిది పెట్టాలో తెలిసేది! కాబట్టి మన ఇళ్లలో బట్ట చేతిలోకి తీసుకుని అడగాల్సిన ప్రశ్న "ఆనందంగా ఉందా?" అని కాదు, "ఎవరు పెట్టారు?" అని.

నిష్పక్షపాతంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడం కొంతవరకు వదిలేశానని 2023లో కొండో గారే చెప్పారు. ప్రపంచ పత్రికలు దాన్ని పెద్ద వార్తగా రాశాయి. ముగ్గురు పిల్లల్ని పెంచిన మన అమ్మమ్మలెవరికీ అందులో వార్త కనిపించలేదు.

ఇంకో పద్ధతి అమెరికా నుంచి వచ్చింది. కోర్ట్నీ కార్వర్ అనే ఆవిడ 2010లో మొదలుపెట్టారు. మూడు నెలలపాటు 33 వస్తువులతోనే గడపాలి. బట్టలు, చెప్పులు, నగలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మూడు నెలలంటే మనకు శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం అనుకుందాం. రెండు చేతులకూ డజను చొప్పున గాజులు వేసుకుంటే 24 అయిపోయాయి. మిగిలిన తొమ్మిదింటితో వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, మధ్యలో రెండు సీమంతాలు దాటుకుని రావాలి. వచ్చినవాళ్లకు మన అభినందనలు.

నియమానికి అన్నిటికంటే స్వచ్ఛమైన ఉదాహరణ జాకెట్ ముక్క. పొడవు 80 సెంటీమీటర్లు. పసుపు, కుంకుమ, తాంబూలంతో కలిసి ఒక ఇంటికి వస్తుంది, మరుసటి శుక్రవారం ఇంకో ఇంటికి పోతుంది. దర్జీ ముఖం చూడదు. మడత దగ్గర రంగు వెలిసిన గీత, మూలన కుంకుమ మరక, ఇంకెక్కడో పసుపు వేలిముద్ర చూసి అది ఎన్ని పేరంటాలు తిరిగిందో అనుభవజ్ఞులు చెప్పేయగలరు. ఒక్కోసారి అది ఊరంతా తిరిగి, బయల్దేరిన ఇంటికే చేరుతుంది.

"వదినా, ఇది మనదేలా ఉందే?"

"ఊరుకో, వింటారు. పళ్లెంలో పెట్టి బొట్టు పెట్టు."

దీన్ని పిసినారితనం అనుకునేవాళ్లకు ఆర్థికశాస్త్రం తెలియదు. జాకెట్ ముక్క గుడ్డ కాదు, చలామణిలో ఉన్న నోటు. నోటును ఎవరైనా కుట్టించుకుంటారా?

ఇక వాడిన బట్టల సంగతి. వీటికి మన ఇళ్లలో కచ్చితమైన సర్వీసు నిబంధనలున్నాయి. పదవీ విరమణ లేదు, హోదా తగ్గింపు మాత్రమే ఉంటుంది. పెళ్లికి కొన్న చొక్కా కొన్నాళ్లకు ఆఫీసుకు దిగుతుంది. కాలరు నలిగాక కూరగాయల బజారుకు, గుండీ ఊడాక ఇంట్లోకి, చంక చిరిగాక గోడలకు రంగు వేసే రోజుకు బదిలీ అవుతుంది. చివరికి చేతులు కత్తిరించుకుని స్కూటర్ సీటు కింద చేరుతుంది. అక్కడ పాత బనియన్లు దాని కోసం ఎదురు చూస్తుంటాయి.

నూలు చీర ప్రయాణం ఇంకా గొప్పది. కొంగు దగ్గర చిరుగు పడగానే బయటి ప్రపంచానికి చీరగా దాని ఉద్యోగం పోతుంది, ఇంట్లో మాత్రం అప్పుడే మొదలవుతుంది. మెత్తబడింది కాబట్టి పసిపిల్లకు ఊయల అవుతుంది. పిల్ల ఎదిగాక నాలుగు పొరలు కలిపి బొంత కుడతారు. మిగిలిన ముక్కలో ఒకటి ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ, ఇంకొకటి ఇడ్లీ పాత్రలోకి, ఇంకొకటి మసిగుడ్డ. మసిగుడ్డను కూడా పారేయరు. ఉతికి తీగ మీద ఆరేస్తారు. అది కూడా పీలికలైతే పొయ్యిగట్టు తుడవడానికి ఇంకా చిన్న మసిగుడ్డ అవుతుంది.

ఇక్కడ మినిమలిస్టులను, అంటే తక్కువ వస్తువులతో బతకాలనేవాళ్లను, సూటిగా ఒక ప్రశ్న అడగాలి. ఆనందం కలిగించని పాత పంచెలు, చీరలు అన్నిటినీ సాగనంపేసిన ఇంట్లో, ఏప్రిల్ ఎండకు మేడ మీద సగ్గుబియ్యం వడియాలు దేని మీద పెడతారు? ప్లాస్టిక్ కాగితం మీద అంటారని తెలుసు. గుడ్డ మీద ఎండిన వడియాన్ని వెనక నీళ్లు చిలకరించి ఒలిచినవాళ్లతో ఆ మాట అని చూడండి.

ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని అధ్యాయం ఒకటుంది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండే అబ్బాయి ఆదివారం వీడియో కాల్‌లో తల్లికి హితబోధ చేస్తాడు. "అమ్మా, ఏడాదిగా ముట్టుకోనివి ఇంట్లో ఉండకూడదు. ఇచ్చేయ్. మైండ్ ఎంత ఫ్రీ అవుతుందో తెలుసా?" అతని వెనక గోడ తెల్లగా, ఖాళీగా, కళ్లు చెదిరేలా ఉంటుంది.

ఆ గోడ ఖాళీగా ఉండడానికి కారణం విజయవాడలో ఉంది. తల్లి బీరువా కింది అర మొత్తం అతనిదే. ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టు టీషర్టులు, క్యాంపస్ ఇంటర్వ్యూకి కుట్టించిన సూటు, 28 నడుముతో కాలం చేసిన జీన్సు, సూట్‌కేసు 23 కిలోలు దాటిందని ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు తీసి పడేసిన మంచుకోటు. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, మైనస్ ఇరవైకి పనికొచ్చే ఆ కోటు కలరా ఉండల మధ్య నిద్రపోతుంటుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని తండ్రి అంటే ఆవిడ ఒప్పుకోదు.

"ఉండనివ్వండి. వాడొచ్చినప్పుడు వేసుకుంటాడు."

"బెజవాడలోనా?"

"సంక్రాంతికి వస్తే తెల్లారుజామున చలి ఉండదూ!"

అమెరికాలో ఒక మినిమలిస్టు బతకాలంటే బెజవాడలో ఒక బీరువా నిండి ఉండాలి. ఈ సంబంధం మీద విశ్వవిద్యాలయాలు ఇంకా దృష్టి పెట్టలేదు.

పోనీ, విదేశాల్లో నిజంగానే సాగనంపిన బట్టలు ఏమవుతున్నాయంటే, అవీ మన దగ్గరికే వస్తున్నాయి. ఆనందం చిగురించని స్వెటర్లు ఓడలెక్కి గుజరాత్‌లో కాండ్లా రేవుకు, అక్కడి నుంచి హర్యానాలో పానిపట్టుకు చేరతాయి. అక్కడ జిప్పులు, గుండీలు కోసేసి, రంగుల వారీగా వేరు చేసి, చీల్చి పీచు చేసి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. 1526, 1556, 1761లలో మూడు యుద్ధాలు చూసిన ఊరు ఇప్పుడు ఊలు కోట్లతో నాలుగోది చేస్తోంది. ఆ అదృష్టం కూడా లేనివి చిలీలోని అటకామా ఎడారిలో గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడ కుప్పలు పోసి ఎవరు ఎవరికి కృతజ్ఞతలు చెప్పారో తెలియదు కానీ, నియమం మాత్రం ఖండాంతరాల్లో కూడా వర్తిస్తుందని రుజువైంది.

మన ఇళ్లలో బీరువా సర్దడం అనే పని జరగదని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఏడాదికి కొన్నిసార్లు శాస్త్రోక్తంగా జరుగుతుంది. దాని పేరు పట్టుచీరల మడతలు మార్చడం. అసలైన జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత కాబట్టి, ఏళ్లతరబడి ఒకే మడతలో ఉంచితే అక్కడ తెగుతుంది. కలరా ఉండ తగిలితే నల్లబడుతుంది. అందుకని చీరలన్నీ బయటికి తీసి, నీడన గాలికి ఆరనిచ్చి, మడత తిప్పి, ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టి పెట్టాలి. (పాత పంచె అవసరం ఇక్కడ కూడా వచ్చిందని గమనించ ప్రార్థన.) భోజనాలయ్యాక మొదలవుతుంది. గద్వాల చీర తీయగానే ఎవరి పెళ్లి, ఆ పెళ్లిలో పప్పు ఎందుకు మాడింది. ధర్మవరం తీయగానే అది కొన్న రోజు ఆడపడుచు ముఖం ఎలా పెట్టింది. పోచంపల్లి తీసి, దీన్ని కట్టనే లేదని ఒక నిట్టూర్పు. దీపాలు పెట్టే వేళకు అన్నీ లోపలికి వెళ్లిపోతాయి. ఒక్కటి కూడా తగ్గదు. అందరి మనసులూ తేలికపడతాయి. జపాన్ పద్ధతిలో కోరుకునేది కూడా చివరికి ఇదే కదా!

పట్టుచీర బయటికి పోవడానికి ఒకే ఒక దారి ఉంది. "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అని వీధిలో మైకు వినిపిస్తుంది. కొన్నవాళ్లు జరీని కాల్చి వెండి తీస్తారు. ఈ దారిలో పెద్ద ప్రమాదం పొంచి ఉంది. అతను అంచును గీకి చూసి, "ఇది టెస్టెడ్ జరీ అమ్మా, వెండి లేదు, మాకొద్దు" అన్నాడనుకోండి. ముప్పై ఏళ్ల కింద వియ్యాలవారు కంచి నుంచి ప్రత్యేకంగా తెప్పించామని చెప్పి పెట్టిన చీర సంగతి గుమ్మంలో, ఎదురింటివాళ్ల సమక్షంలో తేలిపోతుంది. ఇన్నేళ్లూ నిలబడిన సంబంధం ఒక మధ్యాహ్నం ఎందుకు చెడాలి? చీర బీరువాలో ఉండడమే ఇరుపక్షాలకూ గౌరవం.

ఈమధ్య కొత్త పంథా ఒకటి వచ్చింది. "హాయ్ అండీ, ఈరోజు మన వార్డ్‌రోబ్ సర్దేసుకుందామా?" అని ఫోన్‌లో ఒకావిడ నవ్వుతుంది. వస్తువులు తగ్గించుకోవడానికి మనం కొనాల్సినవి ఆవిడ చూపిస్తుంది. జిప్పు ఉన్న చీర కవర్లు, గళ్ల డబ్బాలు, వెల్వెట్ హ్యాంగర్లు, జాకెట్లకు వేరే పెట్టె, దుపట్టాలకు రింగులు. లింకు కింద ఇచ్చి ఉంటుంది. అన్నీ వచ్చాక, వాటిని పెట్టడానికి ఇంకో అర కావాలి. వాటితో పాటు వచ్చిన అట్టపెట్టెలు మంచివి కదా అని అటకెక్కుతాయి.

అసలు బీరువా కూడా ఈ నియమానికి లోబడిందే. గోద్రెజ్ వాళ్లు మన దేశంలో స్టీలు బీరువా చేయడం 1923లో మొదలుపెట్టారు. ఆ తర్వాత పెళ్లికూతురి సారెలో బీరువా మర్యాదల్లో చేరింది. ఇప్పుడు ఫ్లాట్లలో నేల నుంచి కప్పు దాకా చెక్క వార్డ్‌రోబులు కట్టించుకుంటున్నారు. బీరువా పోయిందా? లేదు. చిన్న బెడ్‌రూమ్‌లోకి జరిగి, తాళం తిరక్కపోయినా, అద్దం మీద తిలకం స్టిక్కర్లతో సహా అలాగే నిలబడి ఉంది. అందులో ఏముందంటే, వార్డ్‌రోబులో పట్టనివి.

శాస్త్రీయ నిజాయితీ కోసం ఒక మినహాయింపు కూడా ఒప్పుకోక తప్పదు. బట్ట నాశనం కాదన్నాం కానీ, చీర మీది మ్యాచింగ్ జాకెట్‌కు ఇది వర్తించదు. చీర ఉంటుంది, లంగా ఉంటుంది, జాకెట్ ఉండదు. వార్డ్‌రోబు, బీరువా, ట్రంకుపెట్టె, ఇస్త్రీకి ఇచ్చిన మూట, చెల్లెలి ఇల్లు, ఎక్కడ వెతికినా ఉండదు. దొరికిందే అనుకున్నా, అది పెళ్లినాటి కొలత, చేతులు మోచేతి దాకా ఎక్కి ఆగిపోతాయి. ముహూర్తం పది నలభై రెండుకు, కారు కింద హారన్ కొడుతోంది, మంచం మీద వందకు పైగా బట్టలు, మధ్యలో ఇంటావిడ ఒక అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, కట్టుకోవడానికి ఒక్కటీ లేదు!"

అత్తగారు మంచం మీది కుప్పలోంచి ఒకటి లాగి విసిరారు.

"ఆ ఎర్రది వేసేసుకోమ్మా. ఎవరైనా అడిగితే కాంట్రాస్టు అని చెప్పు, ఇప్పుడంతా అదే కదా."