ఆకు పసుపెక్కితే సున్నమా?

అదే మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపిన నలుగురూ నాకు కావలసినవాళ్లే కాబట్టి కోపం దిగమింగి రాస్తున్నాను. "ఎరువుల కంపెనీలు దాచిన రహస్యం" అని మొదలవుతుంది. ఏ నేలకైనా ఎకరానికి టన్ను సున్నం చల్లితే దిగుబడి రెట్టింపట. ఆకులు పసుపెక్కినా, చౌడు తేలినా సున్నమే మందట. చివర్లో, "పదిమంది రైతులకు పంపి పుణ్యం కట్టుకోండి".

రహస్యం సంగతి ముందు తేల్చేద్దాం. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్ రైతులు పొలాలకు సున్నపు మట్టి తోలేవారని రోమన్లు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. దాచినవాళ్లెవరో సరిగ్గా దాచలేదు.

పౌర్ణమి నాడే చల్లాలన్న పాయింటుకు నా దగ్గర జవాబు లేదు, చంద్రుణ్ణే అడగాలి.

నన్ను కూర్చోనివ్వనిది పసుపు ఆకుల పాయింటు. పసుపెక్కిన మొక్క నుంచి ఒక లేత ఆకు తెంపి వెలుతురుకు ఎత్తి చూడండి. ఈనెలు ఆకుపచ్చగా వల అల్లినట్టు ఉండి, వాటి మధ్య భాగం పాలిపోయిందా? అయితే మొక్కకు ఇనుము అందడం లేదు. నేలలో ఇనుము లేక కాదు, ఉన్నది కరగక. నేల ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలతే పీహెచ్: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం, సున్నం దాన్ని పెంచుతుంది. అది ఒక్క అంకె పెరిగితే నేల నీటిలో ఫెర్రిక్ అయాన్లు (కరిగిన ఇనుములో ఒక రూపం) వెయ్యి రెట్లు పడిపోతాయి. పీహెచ్ 8 దాటిన సున్నపు నేలల్లో ఇది రోజూ కనిపించే జబ్బే. దీనికి సున్నం వేయమనడం అంటే జబ్బు తెచ్చిందాన్నే మందుగా పోయడం. ఇనుముతో పాటు జింకు, మాంగనీసు కూడా బిగుసుకుపోతాయి, భాస్వరం కాల్షియంతో కలిసి కూర్చుంటుంది. పై ఆకులు బాగానే ఉండి కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కితే అది ఎక్కువగా నత్రజని కొరత. దానికీ సున్నానికీ చుట్టరికం లేదు. పోనీ తప్పు చేశాం, వెనక్కి తీసుకుందాం అంటే కుదురుతుందా? చల్లేది ఒక్క పూటలో, దాని ప్రభావం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ఫార్వర్డ్ చేసినవాళ్లు అప్పటికి ఇంకో మెసేజ్ మీద ఉంటారు.

చౌడు దగ్గర ఇంకా ఘోరం. కారు చౌడులో బంకమట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 పైనే. అక్కడ వేయాల్సింది జిప్సం. అందులోని కాల్షియం సోడియంను తోసేస్తే, మంచి నీళ్లు పెట్టి, మురుగు కాలువలోంచి దాన్ని బయటికి పంపాలి. సున్నపురాయి పొడిలోనూ కాల్షియమే ఉంది కదా అంటారు. ఉంది, కానీ అంత క్షారంలో అది కరగదు. నిజానికి అలాంటి నేలల్లో చాలావాటిలో సున్నం ముందే ఉంటుంది, దాన్ని కరిగించడానికే గంధకం వేస్తారు. ఉన్న సున్నాన్ని కరిగించలేక చస్తుంటే పైన ఇంకో టన్ను! జిప్సం, సున్నం రెండూ తెల్లటి పొడులే. ఆ లెక్కన ఉప్పూ తెల్లగానే ఉంటుంది, అదీ చల్లండి.

మెసేజ్‌లో ఇంకో పాయింటు: "అమ్మోనియం సల్ఫేటుతో కలిపి చల్లితే కూలీ ఆదా. ఘాటు వాసన వస్తే పని మొదలైనట్టు." మొదలైనట్టే, ఆ ఎరువులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోయే పని. ముక్కు అదిరేలా వచ్చేది మీరు డబ్బిచ్చి కొన్న ఎరువే.

కాల్చిన సున్నానికి బలం ఎక్కువన్నది నిజం. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పొడి చేసే పని 56 కిలోల కాల్చిన సున్నం చేస్తుంది, నీరు కొట్టిన సున్నమైతే 74 కిలోలు. కానీ చెమట పట్టిన ఒంటి మీద పడితే కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దాన్ని "ఉత్త చేతులతో పలచగా చల్లండి" అని రాసినాయన జన్మలో ఒక్క బస్తా విప్పి ఉండడు.

ఎకరానికి టన్ను అన్న లెక్క ఎక్కడిదో! ఒకే పీహెచ్ ఉన్న ఇసుక నేలకూ, సేంద్రియం దండిగా ఉన్న బంకమట్టి నేలకూ సున్నం అవసరం కొన్ని రెట్ల తేడాలో ఉంటుంది. పీహెచ్ చెప్పేది నేల నీటిలోని ఆమ్లాన్ని మాత్రమే. రేణువులకు అంటుకున్న నిల్వ ఎంతో తెలియాలంటే బఫర్ పరీక్ష చేయించాలి. దానికి షూమేకర్, మెక్లీన్, ప్రాట్ అనే శాస్త్రవేత్తలు 1961లో ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. దిగుబడి రెట్టింపన్న మాటను నేను పూర్తిగా అబద్ధం అనలేను. పీహెచ్ 5 కంటే కింద ఉన్న నేలల్లో అల్యూమినియం కరిగి వేళ్ల కొసల్ని మొద్దుబారుస్తుంది. మొక్క పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, లావుగా, పిల్లవేళ్లు లేకుండా ఉంటాయి. అక్కడ సరిపడా సున్నం వేసి, విత్తడానికి కొన్ని నెలల ముందే దుక్కిలో కలియదున్నితే పప్పుజాతి పైర్లు నిజంగానే గుర్తుపట్టలేనంత మారతాయి. సున్నం దొరక్కపోతే కట్టెల బూడిద వేయమన్న చివరి పాయింటు చూసి నవ్వబోయి ఆగాను. అదీ సరైనదే, బూడిద ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పొటాష్ అదనం. మెసేజ్ మొత్తంలో "ఆమ్ల నేలలకు" అన్న రెండు మాటలు చేర్చి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు.

నాలుగోసారి పంపిన మిత్రుణ్ణి ఫోన్ చేసి అడిగాను, నీ నేల పీహెచ్ ఎంతరా అని. తెలీదన్నాడు. పరీక్ష చేయించమన్నాను. 8.2 వచ్చింది. అప్పటికే ఇరవై బస్తాల సున్నం దింపించాడట, ఇప్పుడేం చేయమంటావన్నాడు.

గోడలకు వేసుకోమన్నాను.