వంద రూపాయల బాండ్ పేపరు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ వంద రూపాయల బాండ్ పేపరు గారికి, హన్మకొండ నుంచి ఒక శ్రోత నమస్కరించి రాయునది.

తమరు క్షేమంగా ఉన్నారని అదాలత్ (కోర్టు) దగ్గర తమరి కోసం వచ్చే జనాన్ని చూస్తేనే తెలుస్తోంది. మేమూ క్షేమమే. మా పాటలు మాత్రం తమరి దగ్గరే ఉండిపోయాయి.

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల్లో జానపద పాట ఇవాళ ఒక పరిశ్రమ అయిందన్న సంగతి తమరికి నేను చెప్పనక్కరలేదు. బతుకమ్మకు ముందు, మేడారం జాతరకు ముందు రికార్డింగు గదులకు తీరిక ఉండదు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడిన అమ్మాయి, డప్పు కొట్టినవారు, వీడియోలో ఆడినవారు ఒకరినొకరు అన్నా, తమ్మీ, అక్కా అని పిలుచుకునేవారే కాబట్టి, పైసల మాట ఎత్తితే మర్యాద పోతుందని పని పూర్తయ్యేదాకా ఎవరూ నోరు తెరవరు. పాట లక్షల మందికి చేరిన తరువాత, "ఊకె ఫార్మాలిటీకే తమ్మీ, గీడొక సంతకం పెట్టు" అన్న మాట వెంట తమరు ప్రవేశిస్తారు. ఆ క్షణంతో అన్నాతమ్ముల వరస ముగిసి, పాట ఇచ్చేవారు మొదటి పార్టీ, పుచ్చుకునేవారు రెండో పార్టీ అనే కొత్త చుట్టరికం మొదలవుతుంది.

తమరి మీద టైపయ్యే వాక్యాల వైభవాన్ని ఎంత పొగిడినా తక్కువే. పాట మీది సర్వ హక్కులనూ, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇక ముందు పుట్టబోయే మాధ్యమాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా, రెండో పార్టీకి ధారాదత్తం చేస్తారు. ములుగు అడవి అంచున పుట్టిన పాటకు అంగారక గ్రహం మీద కూడా ఒక హక్కుదారు ఏర్పడినందుకు మాకు గర్వంగానే ఉంది. ప్రతిఫలం దగ్గరకు వచ్చేసరికి మాత్రం "ముట్టినది" అనే ఒక్క మాటతో తమరు ఊరుకుంటారు. ఎంత ముట్టిందో రాస్తే అందం చెడుతుందని కాబోలు.

ఇంతటి తమరిని 1957 నాటి కాపీరైటు చట్టం ఎంత చిన్నచూపు చూసిందో తలుచుకుంటే జాలి కలుగుతుంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలని, సంతకం ఉండాలని 19వ సెక్షన్ అన్నదే తప్ప, తమరి పేరు ఎక్కడా ఎత్తలేదు. ఏ కృతి, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి స్పష్టంగా రాయాలని మాత్రం పట్టుబట్టింది. కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని తేల్చింది. అంటే తమరిని నింపే పెద్దమనిషి బద్ధకించి వదిలేసిన ఖాళీలే కళాకారుడికి అక్కరకు వస్తాయి. 2012 సవరణ ఇంకా నిర్దాక్షిణ్యమైనది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించకపోతే దాని మీది హక్కు బదిలీ కాదన్నది. సినిమాలో భాగం కాని పాట రికార్డింగు విషయంలో కూడా, రాసినవారూ బాణీ కట్టినవారూ హక్కు కొన్నవారితో సమానంగా రాయల్టీ (పాట వాడకం మీద వచ్చే సొమ్ము) పంచుకోవలసిందేనని, "నాకు వద్దు" అని వారే రాసిచ్చినా ఆ రాత చెల్లదని చెప్పింది. తమరి మీద చెల్లని రాతలు ఇన్ని ఉండగా, తమరిని చూసి మావాళ్లు ఇంత భయపడడం తమరి వ్యక్తిత్వ మహిమ.

పాడేవారికీ ఆడేవారికీ చట్టం వేరే చోటు ఇచ్చింది. ప్రదర్శకులు అన్న మాటకు అర్థం చెబుతూ పాములాడించేవారినీ గారడీ చేసేవారినీ కూడా పేరు పెట్టి లెక్కలోకి తీసుకుంది. వారి హక్కు 50 ఏళ్లు నిలుస్తుందన్నది. అయితే సినిమాలో యథాలాపంగా కనిపించి, పేర్ల జాబితాలోకి ఎక్కనివారికి ఆ హక్కుల్లో చాలావరకు దక్కవు. చివర్లో పేరు వేయడం మరిచిపోయే అలవాటు ఎవరికి లాభమో దీన్నిబట్టి తమరే గ్రహించగలరు.

నాట్లు వేసే ఆడవాళ్ల నోట తరాలుగా నలిగిన పాటకు "రచన, సంగీతం" అని ఒక యూట్యూబ్ చానల్ పేరు తగిలించడం, అదే పాటను ఇంకో ఊరి అమ్మాయి పాడితే కాపీరైటు ఫిర్యాదు పెట్టి ఆమె వీడియోను తీయించి, ఆమె చానల్‌కు స్ట్రైక్ అనే హెచ్చరిక వేయించడం కూడా తమరి అండతోనే సాగుతున్నాయి. కొత్తగా చేసిన రికార్డింగు మీద హక్కు ఉండవచ్చు, కొత్తగా కలిపిన చరణాల మీద ఉండవచ్చు. ఎవరు కట్టారో తెలియని పాత పాట మీద గుత్తాధిపత్యం ఎక్కడిది? ఆ అమ్మాయి కౌంటర్ నోటిఫికేషన్ (ఫిర్యాదు తప్పని యూట్యూబ్‌కు ఇచ్చే జవాబు) పెడితే, పది పనిదినాల్లోగా కోర్టుకు వెళ్లినట్టు ఆధారం చూపవలసిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదే అవుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పేవారు ఉండరు. ఆమె భయపడి ఊరుకుంటుంది.

వివాదాలన్నీ హైదరాబాదు కోర్టుల పరిధిలోనే అని తమరి చివరి పేరాలో ఒక వాక్యం ఉంటుంది. కాపీరైటు దావాను వాది తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చని 62వ సెక్షన్ అంటుంటే, ఏటూరునాగారం మనిషిని రెండు బస్సులు ఎక్కించే ఆ వాక్యం వెనుక ఆర్టీసీ మీద ప్రేమ తప్ప ఇంకేముంటుంది!

తమరికి కిట్టని మరో కబురు. తమరు అమ్ముడయ్యే చోటికి కూతవేటు దూరంలో, కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. చిందు యక్షగానం ఆడేవారు, కోయ, గోండు కళాకారులు, పాడే ఆడపిల్లలందరూ ఇందులోకి వస్తారు. ఒగ్గు కథ చెప్పే మగవారికి మాత్రం ఆదాయ పరిమితి చూస్తారు. కేసు నడపడమే కాదు, ఏ న్యాయ విషయం మీదనైనా సలహా చెప్పడం కూడా ఆ చట్టం లెక్కలో న్యాయసేవే. అంటే సంతకానికి ముందు తమరిని ఒకసారి చదివి పెట్టమని అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. భూమి పంచాయితీకీ భార్యాభర్తల తగాదాకూ ఆ గడప తొక్కే మావాళ్లకు, పాట కూడా ఆస్తేనని తోచకపోవడం తమరి అదృష్టం. అక్కడి వకీలు గార్లకు కూడా పాట కాగితం చేతికి వస్తే కాస్త కొత్తగానే ఉండవచ్చు. నాలుగు పాటలు వస్తే అలవాటవుతుంది.

కనుక నా విన్నపం ఇది. ఆ సంస్థ వారు తెలుగులో ఒక నమూనా ఒప్పందం అచ్చు వేయించి, కళాబృందాలకూ రికార్డింగు గదులకూ పంచాలని కోరుతూ ఒక అర్జీ పెట్టబోతున్నాం. పాట పేరు, ఇచ్చే హక్కు, గడువు, ప్రాంతం, రూపాయల్లో ప్రతిఫలం, రాయల్టీ వాటా, ఎవరి పేరు ఎక్కడ పడాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ షరతులను కూడా తమరి మీదనే టైపు చేయిస్తాం. తమరికి అభ్యంతరం ఉండదనే నమ్మకం. ఇన్నేళ్లుగా ఎవరేమి రాసినా తమరు కాదన్నది లేదు కదా.

ఇట్లు,
మొదటి పార్టీ తరఫున ఒక శ్రోత