ఓవర్ చేసింది ఎవరు?

మన సినిమాల్లో కోర్టు సీనంటే బోనులో హీరో, సుత్తి కొట్టి "ఆర్డర్ ఆర్డర్" అనే జడ్జి, ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే సాక్షి. ఆ అలవాటుతోనే కాబోలు, 1987లో హెచ్‌బీఓ టీవీ కోసం తీసిన ‘కాన్‌స్పిరసీ: ద ట్రయల్ ఆఫ్ ద చికాగో 8’ చూస్తూ మావాడు, "మరీ ఓవర్ చేశారు నాన్నా" అన్నాడు.

1968లో చికాగోలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ దగ్గర వియత్నాం యుద్ధ వ్యతిరేక ఆందోళనల్లో అల్లర్లకు కుట్ర పన్నారంటూ ఎనిమిది మంది మీద పెట్టిన కేసు అది. తెర మీద అప్పుడు ఆ నిందితుల్లో ఒకరైన, నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు బాబీ సీల్‌ని కుర్చీకి కట్టేసి, నోటికి గుడ్డ కట్టారు. ఓవర్ చేసింది డైరెక్టర్ కాదు, జడ్జి జూలియస్ హాఫ్‌మన్. 1969 అక్టోబరు 29న చికాగో ఫెడరల్ కోర్టులో నిజంగానే జరిగిందిది. సీల్ అడిగింది ఇంతే: నా లాయరుకి ఆపరేషన్ ఉంది, వాయిదా వెయ్యండి, లేదా నా కేసు నన్నే వాదించుకోనివ్వండి. రెండూ కుదరవన్నారు. ఆయన ఊరుకోలేదు. ఆ తర్వాత 16 కోర్టు ధిక్కారాలు లెక్కగట్టి, ఒక్కోదానికి మూడు నెలల చొప్పున నాలుగేళ్లు వేశారు. ఆయన కేసు విడదీయడంతో ఎనిమిది మంది కాస్తా ఏడుగురయ్యారు.

ఫెడరల్ కోర్టులోకి కెమెరా రానివ్వరు. మిగిలింది 20,000 పేజీలు దాటిన రికార్డు. దర్శకుడు జెరెమీ కేగన్ దాని మీదే ఆధారపడ్డాడు. నటుల మధ్యమధ్యలో అసలు నిందితుల్నీ, వాళ్ల లాయర్లనీ చూపించి మాట్లాడించాడు. నాకు నచ్చిందీ, కాస్త గుచ్చుకున్నదీ అదే. జడ్జి 1983లోనే పోయారు, తన మాట చెప్పుకోవడానికి లేరు. అయినా రికార్డులో ఆయన అన్న మాటలు ఎవరూ కల్పించినవి కావు కదా!

కుట్ర రుజువు కాలేదని 1970 ఫిబ్రవరిలో జ్యూరీయే తేల్చింది. అల్లర్లు రేపడానికి రాష్ట్రం దాటి వచ్చారంటూ ఐదుగురికి పడిన శిక్షల్ని 1972లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

కుట్ర కేసులు మనకేం కొత్త? విరసం కవులు నిందితులుగా ఉన్న సికింద్రాబాద్ కుట్ర కేసు 1974లో పెడితే, 1989లో గానీ కొట్టెయ్యలేదు. చికాగో విచారణ ఐదు నెలల్లో అయిపోయింది. మనది పదిహేనేళ్లు! ఓటీటీలో ఎవరైనా దీన్ని తీస్తే, దయచేసి స్లో మోషన్ నడకలూ, చెవులు పగిలే బీజీఎమ్మూ వద్దు. కోర్టు కాగితాలు తెప్పించుకుని చదవండి. అన్ని వాయిదాలు చూపిస్తే బోరు కొడుతుందంటారా? కొట్టనివ్వండి. కోర్టు వరండాలో పదిహేనేళ్లు నిలబడ్డవాళ్లకి కొట్టిందాంట్లో అది ఎన్నో వంతు?